ర్యాకు మీద రాసిన ధరే బిల్లులో పడాలి!

మందమర్రి ప్రజలకు విజ్ఞప్తి

సింగరేణి కార్మిక సోదరులారా, కాంట్రాక్టు కార్మికులారా, రిటైరైన పెద్దలారా, ఇంటి ఖర్చును పైసా పైసా లెక్కగట్టి నడిపించే అక్కలారా, చెల్లెళ్లారా!

జీతాలు పడిన వారంలో మన మార్కెట్లో అడుగు తీసి అడుగు వేసే సందు ఉండదు. కల్యాణిఖని గనుల నుంచి, కాసిపేట నుంచి, ఓపెన్‌కాస్టుల నుంచి డ్యూటీ దిగి వచ్చినవాళ్లంతా నెల సామాను కొనేది ఆ నాలుగైదు రోజుల్లోనే. కిరాణం షాపుల పక్కన ఇప్పుడు సూపర్ మార్కెట్లు వెలిశాయి. ఇక్కడ దొరకనిది మంచిర్యాలకు పోయి తెచ్చుకుంటున్నాం. ర్యాకుల నిండా సరుకు, ప్రతి సరుకు కింద ఒక ధర చీటీ. ఆ చీటీని నమ్మి వస్తువును బుట్టలో వేసుకుంటాం. కౌంటర్ దగ్గర కంప్యూటర్ ఇంకో ధర వేస్తుంది. వెనక లైన్లో పది మంది ఉంటారు. చంకలో పిల్ల ఏడుస్తుంటుంది. సెకండ్ షిఫ్టుకు టైమవుతుంటుంది. బిల్లు మడిచి జేబులో పెట్టుకుని బయటపడతాం.

ఆ తేడా మన పైసలు. మనల్ని అడగకుండా, మనకు చెప్పకుండా తీసుకున్న పైసలు.

జీతం చీటీలో ఒక్క హాజరు మస్టర్ తగ్గినా, సెలవు రోజు పనికి రావాల్సిన ప్లేడే పైసలు కలవకున్నా మరునాడే గని ఆఫీసుకు పోయి అడిగే జనం మనం. లెక్క తేలేదాకా కదలం. సంపాదించిన చోట అంత పట్టుగా ఉండే మనం ఖర్చు పెట్టే చోట ఎందుకు మౌనంగా ఉండాలి? జీతం చీటీ చదివిన కళ్లతోనే దుకాణం బిల్లు కూడా చదువుదాం. ఈ కరపత్రం చెప్పదలచుకున్నది ఇదే.

చిన్న తేడాయే కదా అనుకోవద్దు

లెక్క కోసం ఒక బిల్లులో 18 రూపాయలు ఎక్కువ పడ్డాయనుకుందాం. నెలకు నాలుగుసార్లు కొనే ఇంటికి అది 72 రూపాయలు. ఏడాదికి 864 రూపాయలు. ఒక కాలనీలో 500 ఇండ్లుంటే ఏడాదికి 4,32,000 రూపాయలు. ఒక్కో ఇంట్లో పోయేది కంటికి కనిపించదు. పోగైన చోట మాత్రం అది లక్షల సొమ్ము. ఒక్కరు అడిగితే 18 రూపాయల కోసం గొడవా అంటారు. అందరం అడిగితే లెక్క సరిచేస్తారు.

పర్మినెంట్ కార్మికుడి ఇల్లు ఈ దెబ్బను ఎట్లాగో తట్టుకుంటుంది. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో, హోటల్లో గిన్నెలు కడిగే అమ్మ ఇంట్లో, పింఛను మీద బతికే ముసలివాళ్ల ఇంట్లో ప్రతి పది రూపాయలకూ ముందే ఒక ఖర్చు రాసిపెట్టి ఉంటుంది. అందరికన్నా ముందు వాళ్ల కోసం ఈ మాట ఎత్తుతున్నాం.

ధర ఎక్కడ మారిపోతుంది?

ర్యాకు మీది చీటీ వేరు, కౌంటర్లోని కంప్యూటర్ వేరు. చీటీని ఒకరు అతికిస్తారు, కంప్యూటర్లో ధరను ఇంకొకరు ఎక్కిస్తారు. రెండూ ఒకే రోజు మారకపోతే తేడా వస్తుంది. అది ఏయే చోట్ల వస్తుందో గుర్తుపెట్టుకుంటే పట్టుకోవడం సులువు.

ఒకటి: ఆఫర్ గడువు. కంప్యూటర్లో ఆఫర్ ఆదివారం రాత్రి ముగుస్తుంది. చీటీ మాత్రం బుధవారం దాకా ర్యాకు మీదే ఉంటుంది. మనం చీటీ చూసి కొంటాం, కంప్యూటర్ మామూలు ధర వేస్తుంది.

రెండు: ఒకే బార్‌కోడ్, రెండు ఎమ్మార్పీలు. పాత స్టాకు, కొత్త స్టాకు రెండింటి మీదా బార్‌కోడ్ ఒకటే ఉంటుంది. స్కాన్ చేస్తే తెర మీద రెండు ధరలు వస్తాయి. తొందరలో పై ధర మీద నొక్కితే పాత ప్యాకెట్‌కు కొత్త ధర పడుతుంది. సబ్బులు, నూనె ప్యాకెట్లు, టీ పొడి, బిస్కెట్లు కొన్నప్పుడు ప్యాకెట్ మీది ఎమ్మార్పీనీ బిల్లులోని ఎమ్మార్పీనీ పక్కపక్కన పెట్టి చూడండి.

మూడు: ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’. ర్యాకు మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. బిల్లులో రెండింటికీ ధర పడుతుంది. ఇన్ని వేల సామాను కొంటేనే వర్తిస్తుందన్న షరతు చీటీ మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

నాలుగు: లెక్క తప్పడం. ఒకే వస్తువు రెండుసార్లు స్కాన్ కావడం, మూడు కొంటే నాలుగు పడటం. బిల్లులో సంఖ్యల వరుస చదివితే ఇది ఇట్టే దొరుకుతుంది.

ఐదు: అడగకుండా కలిపే సంచి ధర, చిల్లరకు బదులు చేతిలో పెట్టే చాక్లెట్.

ఆరు: ‘కూలింగ్ చార్జీ’. ఎండాకాలం పాల ప్యాకెట్ మీద, నీళ్ల బాటిల్ మీద, కూల్‌డ్రింక్ మీద ఒకటో రెండో ఎక్కువ అడగడం. ఫ్రిజ్ ఖర్చు దుకాణందారుడిది. ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి కూడా పెరగడానికి వీల్లేదు.

చట్టం మన వైపే ఉంది

ఎమ్మార్పీ దాటితే: ఇందులో వాదనకే తావు లేదు. తూనికలు కొలతల చట్టం 2009 కింద వచ్చిన ప్యాకేజీ వస్తువుల నియమాలు, 2011 ప్రకారం ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కన్నా ఎక్కువకు ఎవరూ అమ్మకూడదు. తయారీదారు, హోల్‌సేల్ వ్యాపారి, చిల్లర దుకాణం అందరికీ ఇదే నియమం. ఆ ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. ఎమ్మార్పీ మీద జీఎస్టీ వేరుగా కట్టాలనడం చెల్లదు. ముద్రించిన ధరను చెరపడం, దిద్దడం, పైన ఎక్కువ ధర స్టిక్కర్ అతికించడం కూడా నేరమే. ధర తగ్గించడానికి స్టిక్కర్ వేయొచ్చు కానీ అది అసలు ధరను కప్పేయకూడదు. స్టిక్కర్ కనిపిస్తే దాని కింద ఏముందో చూడండి.

ఎమ్మార్పీ లోపలే, కానీ చీటీ కన్నా ఎక్కువైతే: ప్యాకెట్ మీద 120, ర్యాకు చీటీ మీద 99, బిల్లులో 120. ఇక్కడే మనల్ని దబాయిస్తారు. “ఎమ్మార్పీకే కదా ఇచ్చింది” అంటారు. ఈ మాటకు తడబడొద్దు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఎమ్మార్పీతో ఆగిపోలేదు. వస్తువు మీద చూపిన ధర కన్నా, చట్ట ప్రకారం ప్రదర్శించిన ధరల పట్టికలోని ధర కన్నా, ఇద్దరూ ఒప్పుకున్న ధర కన్నా ఎక్కువ వసూలు చేస్తే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. ధర విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించడం, తక్కువ ధర అని ప్రకటించి ఆ ధరకు అమ్మే ఉద్దేశం లేకపోవడం అదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులు. 99 అని రాసి మనల్ని ఆ ర్యాకు దగ్గర ఆపి, బుట్టలో వేయించి, 120 తీసుకోవడం ఈ లెక్కలోకే వస్తుంది.

ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. బిల్లు వేయకముందే దుకాణం వాళ్లు “చీటీ పాతది, ఆ ధరకు ఇవ్వలేం” అని చెప్పవచ్చు. అప్పుడు ఆ వస్తువును అక్కడే వదిలేయడం మన హక్కు, మనల్ని కొనమని ఎవరూ బలవంతం చేయలేరు. చెప్పకుండా ఎక్కువ వేసి పైసలు తీసుకోవడం మాత్రం తప్పు. అందుకే పైసలు కట్టక ముందే చూసుకోవడం అన్నిటికన్నా మేలు.

బిల్లు ఇవ్వకపోతే: బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం చెబుతోంది. జీఎస్టీ చట్టం ప్రకారం 200 రూపాయల లోపు అమ్మకానికి అడగకపోతే బిల్లు ఇవ్వకపోయినా నడుస్తుంది. అడిగితే మాత్రం ఇవ్వాల్సిందే. కాబట్టి అడగండి.

సంచి ధర విషయంలో 2020 డిసెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ బిగ్ బజార్ కేసులో తేల్చి చెప్పింది. సామాను ఎంచుకునే ముందే సంచికి ధర ఉందని తెలియజేయకుండా, పైసలు కట్టే చోట సంచి ధర కలపడం అనుచిత వ్యాపార పద్ధతి అంది. ఈ తీర్పు వెనకున్న న్యాయం మన విషయానికీ వర్తిస్తుంది. కొనేవాడు వస్తువును ఎంచుకునే ముందే ధర తెలియాలి, కౌంటర్ దగ్గర కాదు.

అడిగితే మారుతుందా అంటారేమో. మల్టీప్లెక్సుల్లో నీళ్ల బాటిళ్లకు నోటికొచ్చిన ధర చెప్పిన కాలం గుర్తుంది కదా. జనం ఫిర్యాదులతో 2018 ఆగస్టు 1 నుంచి ప్యాకెట్ సరుకును ఎమ్మార్పీకే అమ్మాలని తెలంగాణ తూనికలు కొలతల శాఖ ఆదేశించింది. తర్వాత థియేటర్లలో తనిఖీలు చేసి కేసులు పెట్టింది.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉందని కూడా తెలిసి ఉండాలి. హోటళ్లు, రెస్టారెంట్లలో కూర్చోబెట్టి వడ్డించే సీసా నీళ్లకు ఎమ్మార్పీ నియమం వర్తించదని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ మెనూ కార్డులో ధర చూసి ఆర్డర్ ఇవ్వండి. దుకాణాలకు, సూపర్ మార్కెట్లకు, పాన్ డబ్బాలకు ఈ మినహాయింపు లేదు.

పన్ను తగ్గితే మనకు తగ్గిందా?

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు, ఒంటి సబ్బు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. నెయ్యి, వెన్న, మిక్చర్ లాంటి తినుబండారాలు 12 నుంచి 5 శాతానికి తగ్గాయి. మన నెల సామాన్ల చీటీలో సగం ఇవే. పాత స్టాకు మీద పాత ఎమ్మార్పీ ముద్రే ఉండవచ్చు. తగ్గిన పన్ను లాభం మాత్రం కొనేవాడికే చేరాలని ప్రభుత్వం చెప్పింది. ఇట్లా ధరలు మారే రోజుల్లోనే చీటీకీ కంప్యూటర్‌కూ పొంతన తప్పుతుంది. పన్ను తగ్గినా, కొత్త స్టాకు దిగినా, పండుగ ఆఫర్ మొదలైనా ఆ వారం బిల్లును రెండింతల జాగ్రత్తగా చదవండి.

ఇంకో సంగతి. ధర మారకుండానే ప్యాకెట్‌లో సరుకు తగ్గిపోతోంది. అందుకే 2024 జనవరి నుంచి ప్యాకెట్ మీద గ్రాముకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అని యూనిట్ ధర కూడా ముద్రించాలన్న నియమం అమల్లోకి వచ్చింది. పెద్ద ప్యాకెట్ చవక అని గుడ్డిగా తీసుకోవద్దు. యూనిట్ ధర చూసి తీసుకోండి.

లాభాల వాటా మీద కన్ను

మన బజారుకు దసరా, దీపావళి అసలైన సీజన్. 2025లో సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా 34 శాతం, మొత్తం 819 కోట్ల రూపాయలు. కాంట్రాక్టు కార్మికులకు తలా 5,500 రూపాయలు ప్రకటించారు. దీపావళికి బోనస్ వస్తుంది. ఇది భూమి కింద వేడిలో, బొగ్గు దుమ్ములో, పైకప్పు కూలుతుందేమోనన్న భయంతో చేసిన పనికి వచ్చిన సొమ్ము. ఆ సొమ్ము మన చేతికి రాకముందే కోల్‌బెల్టు పొడవునా, మందమర్రి నుంచి గోదావరిఖని దాకా ‘భారీ తగ్గింపు’ ఫ్లెక్సీలు లేస్తాయి. టీవీలు, ఫ్రిజ్‌లు, బట్టలు, బంగారం అన్నిటికీ ఆఫర్లే.

పెద్ద వస్తువు కొనేటప్పుడు ఫ్లెక్సీ ఫొటో తీసుకోండి. “తగ్గింపు పోను మొత్తం ఎంత, ఫిట్టింగ్ చార్జీ ఎంత, ఈఎంఐ అయితే ప్రాసెసింగ్ ఫీజు ఎంత” అని కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. నోటిమాటగా చెప్పిన తగ్గింపు బిల్లులో కనిపించకపోతే తర్వాత నిరూపించడం కష్టం.

ఖాతా పుస్తకం రాసే ఇండ్లకు

మనలో చాలా ఇండ్లు ఇప్పటికీ కిరాణం షాపులో ఖాతా మీదే గడుస్తున్నాయి. కష్టకాలంలో అప్పు మీద సరుకిచ్చి ఆదుకునేది ఆ షాపులే. వాళ్లు మనకు శత్రువులు కారు. అయితే ఖాతాలో “సామాన్లు 640” అని ఒక్క ముక్కలో రాస్తే ఏ వస్తువుకు ఎంత పడిందో ఇద్దరికీ తెలియదు. వస్తువు పేరు, బరువు, ధర ఆ పూటే రాయించండి. అదే లెక్క మన దగ్గర ఒక చిన్న నోటుబుక్కులోనో ఫోన్లోనో ఉంచుకోండి. నెలాఖరున రెండూ కలిపి చూసుకుంటే మాటా మిగులుతుంది, పైసా మిగులుతుంది. విడిగా తూచే పప్పు, చక్కెర కొనేటప్పుడు కాంటా సున్నా చూపిస్తోందో లేదో, దాని మీద ఈ ఏడాది తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటేటా ముద్ర వేయించాలి.

వేరే దేశాల్లో ఏం చేశారు?

కెనడాలో 2002 నుంచి పెద్ద దుకాణాలు తమంతట తాము ఒక నియమావళిని ఒప్పుకున్నాయి. ర్యాకు ధర కన్నా స్కాన్ ధర ఎక్కువ వస్తే, ఆ వస్తువు 10 డాలర్ల లోపుదైతే ఉచితంగా ఇవ్వాలి. అంతకన్నా ఖరీదైతే 10 డాలర్లు తగ్గించాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2011 చట్టం ప్రకారం ఎక్కువ తీసుకున్న సొమ్ము తిరిగివ్వడంతో పాటు, తేడాకు పది రెట్లు అదనంగా ఇవ్వాలి. అది ఒక డాలర్‌కు తగ్గకూడదు, ఐదు డాలర్లు దాటదు. తప్పు జరిగితే దుకాణానికి నష్టం వస్తుందని తెలిస్తే చీటీలను రోజూ సరిచూస్తారు. ఇప్పుడు మన దగ్గర తప్పు జరిగితే నష్టపోయేది కొనేవాడు ఒక్కడే. ఈ లెక్క మారాలి.

కౌంటర్ దగ్గర మనం చేయాల్సినవి

1. ఆఫర్ ఉన్న ప్రతి వస్తువు దగ్గర ర్యాకు చీటీని, వస్తువును కలిపి ఫోన్లో ఒక ఫొటో తీయండి. ఇదే మన సాక్ష్యం.

2. బిల్లు వేస్తుంటే తెర వైపు చూడండి. తెర మీకు కనిపించకపోతే ఇటు తిప్పమని అడగండి.

3. పైసలు కట్టక ముందే ఆఫర్ వస్తువుల ధర, సంఖ్య, సంచి ధర చూసుకోండి.

4. తేడా ఉంటే మర్యాదగా, గట్టిగా చెప్పండి: “ర్యాకు మీద ఈ ధర ఉంది, ఫొటో ఇదిగో. ఈ ధరకే వేయండి, లేదా ఈ వస్తువు తీసేయండి.”

5. పైసలు కట్టాక తెలిస్తే అక్కడే మేనేజర్‌ను పిలిపించండి. తేడా సొమ్ము తిరిగి తీసుకుని బిల్లు సరిచేయించుకోండి.

6. ఒప్పుకోకపోతే బిల్లు వెనక మేనేజర్‌తో రాయించి సంతకం అడగండి. ఇవ్వకపోతే తేదీ, సమయం మీరే రాసుకోండి.

7. బిల్లు ఫొటో ఇంటికి రాగానే తీయండి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని వారాల్లోనే చెరిగిపోతాయి. ఫోన్‌పే, గూగుల్‌పే రసీదు కూడా ఉంచుకోండి.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. కౌంటర్లో నిలబడ్డ పిల్లలు మన పిల్లలే. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి, తక్కువ జీతానికి పని చేస్తున్న కార్మికులే. కంప్యూటర్లో ధర పెట్టింది వాళ్లు కాదు. వాళ్ల మీద అరవొద్దు, తేడా సొమ్ము వాళ్ల జీతంలో కోయనివ్వొద్దు. మన ప్రశ్న యజమానికి.

ఫిర్యాదు ఎక్కడ, ఎట్లా?

ముందుగా 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఇది. ఫోన్ ఉచితం. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు నంబర్ ఇస్తారు, రాసుకోండి. వాళ్లు దుకాణంతో మాట్లాడి సర్దుబాటుకు ప్రయత్నిస్తారు. చాలా చిన్న తగాదాలు ఇక్కడే తేలిపోతాయి.

రెండోది తూనికలు కొలతల శాఖ. ఎమ్మార్పీ దాటడం, స్టిక్కర్ మార్చడం, తూకంలో మోసం, ముద్ర లేని కాంటా ఇవన్నీ ఆ శాఖ చూడాలి. జిల్లా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మందుల షాపులో ఎమ్మార్పీ దాటితే ఔషధ తనిఖీ అధికారికి చెప్పండి. 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ముద్రించిన ధర కన్నా ఎక్కువకు మందు అమ్మకూడదు.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. కోర్టు అనగానే భయపడేవాళ్లు ఈ నాలుగు విషయాలు చదవండి. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు. ఎక్కడ కొన్నా మనం నివసించే చోటే కేసు వేయవచ్చు. కొన్న తేదీ నుంచి రెండేళ్ల లోపు వేస్తే సరిపోతుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా కమిషన్ ఆదిలాబాద్ పట్టణంలో ఉంది, దూరమే. కానీ ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. విచారణకు వీడియో ద్వారా హాజరవుతామని కమిషన్‌ను కోరే వీలు చట్టంలో ఉంది. కేసుకు ముందు దుకాణం యజమానికి ఒక రిజిస్టర్డ్ ఉత్తరం రాసి పదిహేను రోజులు గడువు ఇవ్వండి. ఆ ఉత్తరంతోనే చాలామంది దిగివస్తారు.

ఒకే దుకాణంలో ఒకే రకంగా చాలామంది నష్టపోతే అందరి తరఫున ఒకరు కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చు. గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘం కూడా వేయవచ్చు. ఒక్కరి 18 రూపాయలకు విలువ లేదనేవాళ్లకు ఇదే జవాబు.

మన డిమాండ్లు

దుకాణాల యాజమాన్యాలకు:

– ప్రతి చీటీ మీద ఎమ్మార్పీ, అమ్మే ధర, ఆఫర్ ముగిసే తేదీ, షరతులు అందరూ చదవగలిగే తెలుగు అక్షరాల్లో రాయాలి.

– రోజూ దుకాణం తెరిచే ముందు చీటీలనూ కంప్యూటర్ ధరలనూ సరిచూడాలి.

– బిల్లు తెర కొనేవాళ్ల వైపు ఉండాలి. ఎవరికి వారు ధర చూసుకునే స్కానర్ ఒకటి లోపల పెట్టాలి.

– తేడా వస్తే అక్కడికక్కడే సొమ్ము తిరిగివ్వాలి, అటువంటి వస్తువు ఒకటి ఉచితంగా ఇవ్వాలి.

– సంచి ధర ఎంతో ద్వారం దగ్గరే రాయాలి. చిల్లరకు బదులు చాక్లెట్లు ఇవ్వకూడదు.

– 1915 నంబర్‌తో బోర్డు, ఫిర్యాదుల పుస్తకం కౌంటర్ దగ్గర ఉంచాలి.

అధికారులకు:

– జీతాల వారంలో, దసరాకు ముందు, దీపావళికి ముందు కోల్‌బెల్టు పట్టణాలన్నిటిలో తూనికలు కొలతల శాఖ తనిఖీలు చేయాలి. సాధారణ కొనుగోలుదారుల్లా వెళ్లి బిల్లు వేయించి చూడాలి.

– ర్యాకు ధరకూ బిల్లు ధరకూ తేడా వస్తే కొనేవాడికి పరిహారం ఇచ్చే స్పష్టమైన నియమాన్ని ప్రభుత్వం తీసుకురావాలి.

కార్మిక సంఘాలకు:

– గుర్తింపు సంఘమైనా, ప్రాతినిధ్య సంఘమైనా, మరే సంఘమైనా గేట్ మీటింగుల్లో ఈ విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడండి. వేతన ఒప్పందంలో కొట్లాడి తెచ్చుకున్న పెంపు దుకాణం బిల్లులో కరిగిపోతే ఆ పోరాటం సగమే గెలిచినట్టు.

రేపటి నుంచే ఏం చేద్దాం?

ప్రతి కాలనీలో నెలకొక ఆదివారం సాయంత్రం ఒక చోట కూర్చుందాం. ఆ నెల బిల్లులు తెచ్చుకుందాం. కాలేజీకి పోయే పిల్లలు ఫొటోలనూ బిల్లులనూ పోల్చి ఒక నోటుబుక్కులో ఎక్కించాలి. దుకాణం, తేదీ, వస్తువు, చీటీ ధర, బిల్లు ధర, తేడా, తిరిగిచ్చారా లేదా, ఈ ఏడు గడులు చాలు. మూడు నెలలు గడిస్తే ఎక్కడ పొరపాటు జరుగుతోందో, ఎక్కడ అదే అలవాటుగా మారిందో ఆ పుస్తకమే చెబుతుంది. నిజాయితీగా నడిచే దుకాణాల పేర్లు కూడా అందులో రాద్దాం, వాటి గురించి నలుగురికీ చెబుదాం. మనం ఎవరి వ్యాపారాన్నీ చెడగొట్టడానికి బయలుదేరలేదు. మందమర్రి దుకాణాలు మందమర్రి జనం మీదే బతకాలి, ఆ జనానికి జవాబుదారీగా ఉండాలి.

పుస్తకంలో తేలిన లెక్కతో ముందు యజమాని దగ్గరికి పది మంది కలిసి వెళ్దాం. వినకపోతే 1915కు, తూనికలు కొలతల శాఖకు, ఆపైన కమిషన్‌కు. చదవడం రాని పెద్దల బిల్లులు మనం చదివి పెడదాం. ఇంటికి సామాను తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి ఈ పనికి వాళ్లే ముందుండాలి, మగవాళ్లు డ్యూటీ చూసుకుని తోడు రావాలి.

ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో గనులను ఆపి తెలంగాణ వైపు దేశం చూపు తిప్పిన జనం మనం. ఒక బిల్లును సరిచేయించలేమా? దీనికి సమ్మె అవసరం లేదు, రాస్తారోకో అవసరం లేదు. కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం ఆగే ఓపిక, అడిగే ధైర్యం, పక్కవాడు అడుగుతుంటే “అవును, నేనూ చూశాను” అని నిలబడే గుణం ఉంటే చాలు. లైన్లో మన ముందున్న అక్క బిల్లు చూపించి నిలదీస్తుంటే ఆలస్యమవుతోందని విసుక్కోకండి. ఆమె పక్కన నిలబడండి.

ఈ కరపత్రం చదివి పారేయవద్దు. ఇంట్లో వినిపించండి, పక్కింటికి ఇవ్వండి. వచ్చే నెల సామానుకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.

రాసిన ధరకే కొందాం! బిల్లు చదివే కదులుదాం!
ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వం!
తేడా సొమ్ము తిరిగివ్వాలి, తప్పు చీటీ తీసేయాలి!
వినియోగదారుల ఐక్యత వర్ధిల్లాలి!

ఇట్లు
మందమర్రి వినియోగదారులు